ఫ్లట్టర్‌తో ఆరేళ్ళు: గళ్ళనుడికట్టు యాప్‌ను ఒక్కడే నడిపేవాడి సమీక్ష

నేను తెలుగు గళ్ళనుడికట్టు యాప్ ఒకటి నడుపుతున్నాను. ఇప్పుడది ఫ్లట్టర్‌తో కట్టినది; ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్‌లు తయారుచేసే గూగుల్ పనిముట్టు ఫ్లట్టర్. రోజుకొక చిన్న గడి, ఆదివారం కాస్త పెద్దది. ఆధారాలు కూర్చడం, కోడ్ రాయడం, ఆడేవాళ్ళ ఉత్తరాలకు జవాబివ్వడం, అన్నీ నా పనులే. 2012లో యాప్ తొలి రూపాన్ని కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఎక్లిప్స్‌లో జావాతో రాశాను. ఎక్లిప్స్‌లోని ఆండ్రాయిడ్ పనిముట్లకు 2015 చివరితో తోడ్పాటు ఆగిపోయినప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియోకు మారాను. 2017లో గూగుల్ కోట్లిన్‌ను ఆండ్రాయిడ్ యాప్‌లకు అధికారిక భాషగా ప్రకటించినప్పుడు సగం ఫైళ్ళను అందులోకి మార్చి, మిగతా సగాన్ని జావాలోనే వదిలేశాను. ఆ సగం సగం సంసారం సాగుతుండగానే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఐఫోన్‌లో ఎప్పుడు వస్తుందని అడగడం మొదలుపెట్టారు. ఐఫోన్ యాప్‌ల భాష స్విఫ్ట్ నేర్చుకుని ఇదే యాప్‌ను రెండోసారి రాయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదని తెలుసు. ఫ్లట్టర్ 1.0 అప్పటికి కొత్తగా, 2018 డిసెంబరులో వెలువడి ఉంది. 2019 వేసవిలో రెండు నెలలు కూర్చుని మొత్తం అందులో తిరగరాశాను. అప్పటి నుంచి ఇప్పటి వరకు దాన్ని రోజూ వాడిన అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది.

ఫ్లట్టర్ గుణమూ దోషమూ ఒకే చోట ఉన్నాయి. అది ఫోన్‌లో ఉండే బటన్లను, అక్షరాల పెట్టెలను అరువు తెచ్చుకోదు. తన ఇంజిన్‌ను ప్రతి యాప్‌లోనూ వెంట పెట్టుకుని వచ్చి, తెరమీద కనిపించే ప్రతి గీతనూ తానే గీస్తుంది. అందువల్ల యాప్ పరిమాణం కొన్ని ఎంబీలు పెరుగుతుంది. దానికి బదులుగా నా గడి పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎలా ఉంటుందో కొత్త ఐప్యాడ్‌లోనూ గీతకు గీత అలాగే ఉంటుంది. నల్లగళ్ళు, తెల్లగళ్ళు, మూలన చిన్న అంకెలు, ఎంచుకున్న వరుసకు లేత పసుపు, ఇవన్నీ ఒకే కోడ్‌తో రెండు చోట్లా వస్తాయి. హాట్ రీలోడ్ గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను: గడి మధ్యలో ఉండగా కోడ్‌లో రంగు మార్చి సేవ్ చేస్తే, నింపిన అక్షరాలు చెరగకుండా కొత్త రంగు తెరమీదికి వస్తుంది. జావా రోజుల్లో ఇదే మార్పుకు యాప్‌ను మళ్ళీ కట్టి, మళ్ళీ తెరిచి, మళ్ళీ ఆ గడి దాకా వెళ్ళవలసి వచ్చేది.

తెలుగు విషయంలో ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషులో వచ్చే సమీక్షల్లో ఇది దొరకదు. అక్షరాలను కూర్చే పనికి ఫ్లట్టర్ హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు మొదటి రోజు నుంచే సరిగ్గా వచ్చాయి. మండలి ఫాంట్‌ను యాప్‌లోనే చేర్చాను. దానితో ఒక్కో ఫోన్‌లో ఒక్కో తెలుగు ఫాంట్ అనే బెడద తీరింది. అయితే పెట్టె ఎత్తును ఇంగ్లీషు అక్షరాన్ని చూసుకుని కడితే "ర్త్య" వంటి సంయుక్తాక్షరానికి కింద చోటు చాలదు. వరుస ఎత్తు ఒకటిన్నర రెట్లకు పెంచిన తర్వాతే నా గళ్ళలో ఒత్తులు నిలబడ్డాయి.

అసలు చిక్కు అక్షరాల లెక్కలో వచ్చింది. గళ్ళనుడికట్టులో "స్త్రీ" అంటే ఒక్క గడి. ఫ్లట్టర్ కోడ్ రాసే డార్ట్ భాషలో దాని పొడవు అడిగితే ఆరు అని చెబుతుంది, ఎందుకంటే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలున్నాయి. అక్షరాలను మనిషి చూసినట్టు లెక్కపెట్టడానికి "క్యారెక్టర్స్" అనే ప్యాకేజీ ఉంది, కానీ కంప్యూటర్లలో లిపులన్నిటికీ ప్రమాణమైన యూనికోడ్ అప్పటి నియమం ప్రకారం అది పొల్లు దగ్గర తెంచి, స్, త్, రీ అని మూడుగా ఇచ్చేది. ఆ ప్యాకేజీని నమ్మి విడుదల చేసిన వారంలోనే విశ్రాంత తెలుగు మాస్టారు ఒకాయన "అయ్యా, స్త్రీకి మూడు గళ్ళు ఎందుకిచ్చారు?" అని రాశారు. పొల్లుతో ముగిసే ముక్కను పక్క ముక్కతో కలిపే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఉన్నచోట మాత్రం కలపకుండా చూశాను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్నే సవరించి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరం తెగకుండా చేసింది. పాత నుడికట్టులను మాటలుగా గాక, గడికొక అక్షరంగా విడదీసి దాచుకున్నాను కాబట్టి ఆ మార్పు నా దగ్గర దేన్నీ చెరపలేదు. ఇది ముందుచూపని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి అలా దాచడం అప్పట్లో సులువుగా తోచిందంతే.

ఇక మార్పుల సంగతి. ఫ్లట్టర్‌లోకి వస్తే ప్లాట్‌ఫారం మార్పుల తాకిడి తప్పుతుందని అనుకుని వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే: తాకిడి తప్పదు, అది తగిలే చోటు మారుతుంది. తెరలు, ఆట నియమాలు ఆరేళ్ళుగా దాదాపు కదలలేదు. కదిలినవన్నీ అంచులు. నేను వచ్చిన ఏడాదే ఆండ్రాయిడ్ తోడు లైబ్రరీల కొత్త రూపమైన ఆండ్రాయిడ్‌ఎక్స్‌కు మారవలసి వచ్చింది. తర్వాత ఫ్లాట్ బటన్, రైజ్డ్ బటన్ పోయి వేరే పేర్లతో వేరే బటన్లు వచ్చాయి. 2023 నవంబరులో వచ్చిన ఫ్లట్టర్ 3.16లో గూగుల్ రూపకల్పన పద్ధతి మెటీరియల్ 3 డిఫాల్ట్ అయ్యేసరికి, బెల్లం రంగులో ఉండే నా పై పట్టీ ఒక్కసారిగా తెల్లబోయింది. రంగులన్నీ మళ్ళీ చేత్తో చెప్పుకోవలసి వచ్చింది. వెనక్కి వెళ్ళే సైగను ఆండ్రాయిడ్ మార్చినందున, ఆ సైగను యాప్‌లో పట్టుకునే విల్‌పాప్‌స్కోప్ స్థానంలో పాప్‌స్కోప్ వచ్చింది. "గడి పూర్తి కాలేదు, వెళ్ళమంటారా?" అని అడిగే చిన్న పెట్టె కోసం ఒక సాయంత్రం గడిచింది.

వీటిలో బరువైనది నల్ సేఫ్టీ, అంటే విలువ లేకుండా మిగిలిపోయే చోట్లను యాప్ నడవకముందే పట్టుకునే డార్ట్ నియమం. 2021 మార్చిలో ఫ్లట్టర్ 2తో పాటు అది వచ్చినప్పుడు, మార్పిడికి పనిముట్టు ఇచ్చి, తొందరేమీ లేదన్నట్టు పాత కోడ్‌ను కూడా నడవనిచ్చారు. నేను ఆ వెసులుబాటును రెండేళ్ళు వాడుకున్నాను. 2023 మేలో డార్ట్ 3 పాత కోడ్‌ను పూర్తిగా నిరాకరించేనాటికి నా ప్రతి ఫైలులోనూ తప్పులు చూపే ఎర్రగీతలే. పది రోజులు కొత్త ఆధారాలు రాయకుండా దాని మీదే కూర్చున్నాను. నిల్వ ఉన్న గళ్ళతో పాఠకులను నెట్టుకొచ్చాను. ఆలస్యం నాదే, అందులో ఎవరినీ తప్పుపట్టను. పైగా ఆ పది రోజుల్లో ఖాళీ గడిలో నొక్కితే అప్పుడప్పుడూ యాప్ మూసుకుపోయే పాత లోపం ఒకటి తనంతట తానే బయటపడింది.

యాప్ దుకాణాల గడువులు ఫ్లట్టర్‌కు సంబంధించినవి కావు, కానీ వాటి భారం దాని మీదుగానే వస్తుంది. ప్లేస్టోర్‌వాళ్ళు 2019 ఆగస్టుకు 64 బిట్ కోడ్ కావాలన్నారు, 2021 ఆగస్టుకు కొత్త యాప్‌లన్నీ బండిల్ అనే కొత్త ఫైలు రూపంలో ఉండాలన్నారు, యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను ఉద్దేశించి కట్టిందో చెప్పే టార్గెట్ స్థాయిని ఆగస్టు చివరికల్లా పెంచడం ఏటా ఉండే తద్దినమే. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన రోజున నా గడి పై వరుస గడియారం, బ్యాటరీ గుర్తుల కిందికి దూరింది, ఎందుకంటే ఆ వెర్షన్‌లో యాప్ తెర అంచు నుంచి అంచు దాకా పరుచుకోవడం తప్పనిసరి. అలాంటి గుర్తులకు చోటు వదిలే సేఫ్ ఏరియా అనే విడ్జెట్‌ను చుట్టగానే వరుస కిందికి దిగింది. ఇదే పని మునుపటి జావా కోడ్‌లో అయితే నాలుగైదు తెరలకు విడివిడిగా చేయాల్సి వచ్చేది.

మెమరీని 16 కేబీల పేజీలుగా పంచుకునే ఫోన్లలోనూ యాప్ నడవాలన్న 2025 నవంబరు నాటి ప్లేస్టోర్ నియమం మాత్రం వేరే రకంగా తగిలింది. ఫ్లట్టర్ కొత్త ఇంజిన్ దానికి సిద్ధంగానే ఉంది; సిద్ధంగా లేనిది గళ్ళను దాచడానికి నేను మొదటి నుంచీ వాడిన ఒక డేటాబేస్ ప్లగిన్, అంటే వేరొకరు రాసి పంచిన తయారు కోడ్. దాని రచయిత రెండేళ్ళుగా కనిపించడం లేదు. అడిగినవారి ప్రశ్నలు వరుసగా పేరుకుని ఉన్నాయి, జవాబు లేదు. ఆయనా నాలాగే ఒంటరి మనిషై ఉంటాడు, జీతం లేని పని ఎన్నాళ్ళని చేస్తాడు? ఎస్‌క్యూలైట్‌ అనే డేటాబేస్‌కు మారి, పాత ఫోన్లలోని సగం నింపిన గళ్ళు పోకుండా తరలించే కోడ్ రాయడానికి మూడు వారాలు పట్టింది. ఫ్లట్టర్‌లో ఒంటరి డెవలపర్‌కు అసలు ప్రమాదం ఇదే. మొదట్లో ఉన్న పంతొమ్మిది ప్లగిన్లను ఇప్పుడు ఏడుకు తగ్గించాను. ఇరవై వరుసల కోడ్‌తో నేనే రాసుకోగల పనికి ప్లగిన్ తెచ్చుకోవడం మానేశాను.

వేగం గురించి రెండు మాటలు. స్కియా అనే పాత ఇంజిన్‌తో గీసే రోజుల్లో కొత్త యానిమేషన్ మొదటిసారి కనిపించినప్పుడు షేడర్లు అనే, తెరకు రంగులు వేసే చిన్న ప్రోగ్రాములు అప్పటికప్పుడు తయారవుతూ తెర తడబడటం ఫ్లట్టర్‌కు బాగా తెలిసిన జబ్బు. వాటిని ముందే సిద్ధం చేసుకునే కొత్త ఇంజిన్ ఇంపెల్లర్ ఐఫోన్లలో 2023 మే నుంచి, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2024 డిసెంబరు నుంచి డిఫాల్ట్‌గా వస్తోంది. గడి పూర్తయినప్పుడు అక్షరాలు ఒక్కసారి మెరిసే నా చిన్న వేడుక ఇప్పుడు తడబడటం లేదు.

ఖర్చు లెక్క చూస్తే ఫ్లట్టర్ ఉచితమే. ప్లేస్టోర్ ఖాతాకు జీవితంలో ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు. ఐఫోన్ యాప్ కట్టడానికి మ్యాక్ ఉండి తీరాలి. ఫ్లట్టర్ ఆ షరతును తప్పించలేదు. నేను పాత మ్యాక్ మినీ ఒకటి కొన్నాను. అది ఏడాదిలో పదిసార్ల కన్నా ఎక్కువ తెరుచుకోదు.

2024లో ఫ్లట్టర్ బృందంలో కొందరి ఉద్యోగాలు పోయాయన్న వార్త వచ్చినప్పుడు, కోట్లిన్ కోడ్‌తోనే రెండు రకాల ఫోన్లకూ యాప్ కట్టనిచ్చే కోట్లిన్ మల్టీప్లాట్‌ఫారం వైపు చూశాను. రెండు గళ్ళు గీసి, ఒక ఆదివారమంతా కోడ్‌ను యాప్‌గా కట్టే గ్రాడిల్‌తో గడిపి తిరిగి వచ్చాను. అది మంచిదే కావచ్చు; నాకు మాత్రం నడుస్తున్న యాప్‌ను మూడోసారి తిరగరాసే ఓపిక లేదు. ఆ ఏడాది మే 1తోనే ఫ్లట్టర్ లాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ పనిముట్టు జామరిన్‌కు తోడ్పాటు ముగిసింది కాబట్టి ఏ పనిముట్టూ శాశ్వతం కాదని తెలుసు. అందుకే ఆధారాలు, గళ్ళు, జవాబులన్నిటినీ ఫ్లట్టర్‌తో సంబంధం లేని మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంచుతున్నాను.

ఈ మధ్య డాలస్ నుంచి ఒకావిడ, ఐఓఎస్ 26 వచ్చాక తన ఫోన్‌లో అన్నీ గాజులా మెరుస్తున్నా మీ యాప్ ఒక్కటే పాతగా ఉందేమిటని అడిగారు. ఫ్లట్టర్ తన బటన్లను తానే గీస్తుంది కాబట్టి ఫోన్ కొత్త వేషం వేసినా అది దానంతట రాదు. కావాలంటే నేనే గీయాలి. వారం ఆలోచించి, సెట్టింగుల పేజీలో రెండు బటన్లు మార్చి, గడిని ముట్టుకోకుండా వదిలేశాను. అచ్చు కాగితం మీద గడి ఎలా ఉంటుందో అలాగే ఉంచండి అని, ఆ మార్పు విడుదల చేసిన మర్నాడు ఆవిడే మళ్ళీ రాశారు.