నవాహో ఇళ్లకు నెట్: ఫైబరా, శాటిలైటా?

అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, యూటాల్లో సుమారు 70,000 చదరపు కిలోమీటర్ల నేల నవాహో నేషన్ అనే ఆదివాసీ తెగది. ఇళ్లు మాత్రం విసిరేసినట్టు ఎక్కడో ఒకటి. కోవిడ్ రోజుల్లో అక్కడి పిల్లలు చాప్టర్ హౌస్, అంటే ఊరి పరిపాలన భవనం, బయట కారులో కూర్చుని ఆ వైఫైతోనే హోంవర్క్ చేశారు.

ఫైబర్ వేయాలంటే రాతినేల తవ్వాలి. అది ట్రస్టు భూమి, అంటే తెగ కోసం ఫెడరల్ ప్రభుత్వం పేరున ఉన్న భూమి కాబట్టి దారి హక్కు, పర్యావరణం, పురావస్తు పరిశీలన అంటూ అనుమతులకే ఏళ్లు పడుతుంది. కానీ ఒకసారి వేస్తే దశాబ్దాలు పనికొస్తుంది. తెగ సొంత విద్యుత్ సంస్థే దాన్ని నడపగలదు, ఆస్తి వాళ్ల దగ్గరే ఉంటుంది.

శాటిలైట్ డిష్ ఒక్కరోజులో బిగించొచ్చు. అయితే నెలనెలా బిల్లు కట్టేదెవరు? గిరిజన భూముల్లో నెలకు 75 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ సాయం 2024లో నిధుల్లేక ఆగిపోయింది.

ఇంటింటికీ నెట్ చేర్చేందుకు పెట్టిన 42.45 బిలియన్ డాలర్ల ఫెడరల్ పథకం 'బీడ్'లో ఫైబర్‌కున్న ప్రాధాన్యాన్ని 2025లో తీసేశారు. అది తప్పనే నా అభిప్రాయం. బడులకు, క్లినిక్‌లకు, చాప్టర్ హౌస్‌లకు ఫైబరే వేయాలి. మరీ దూరపు ఇళ్లకు బిల్లు సాయంతో డిష్ ఇవ్వాలి. వేల ఇళ్లకు ఇంకా కరెంటే లేదు, ముందు అది రాకపోతే రెండూ పనిచేయవు.