4 టీబీ డిస్కులో సగమే కనిపించినప్పుడు: ద్వారకా నగర్‌లోని ఒక చిన్న రిపేరు దుకాణం

మాది విశాఖపట్నంలోని ఎంవీపీ కాలనీ. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ నా వృత్తి. కార్తీక మాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా సిద్ధంగా ఉండాలని 4 టీబీ హార్డ్‌డిస్కు ఒకటి కొని, కొన్నచోటే కంప్యూటరులో బిగింపించుకున్నాను. ఆ కొత్త డిస్కు పార్టిషన్ (డిస్కును భాగాలుగా విభజించడం) విషయంలో నేను పడిన ఇబ్బందిని ద్వారకా నగర్‌లో, ప్రధాన రోడ్డుకు కాస్త లోపలగా మేడమీద ఉన్న ఒక రిపేరు దుకాణం సరిచేసింది. ఆ దుకాణంలో పనిచేసేది ఒక్కరే. ఇప్పటికే చేతినిండా పని ఉందని, పేరు రాయవద్దని ఆయనే కోరారు కనుక రాయడం లేదు. డిస్కు బిగించిన మొదటి చోటి పేరు కూడా ఇక్కడ ప్రస్తావించను. ఇద్దరి పనితీరులో తేడా మాత్రం వివరంగా చెప్పవలసి ఉంది.

ఇంటికి తెచ్చి కంప్యూటరు ఆన్ చేయగానే కొత్త డ్రైవు 1.99 టీబీ అని చూపించింది. కంపెనీ వారు 1,000 చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తారు కాబట్టి 4 టీబీ డిస్కు 3.63 టీబీగా కనిపిస్తుందని నాకు తెలుసు. కానీ ఇక్కడ దాదాపు సగం లేదు. విండోస్‌లో డిస్కుల భాగాలను చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే, నీలి పట్టీ కింద 2048.00 జీబీ ఒక గడిగా, దాని పక్కన నల్ల పట్టీ కింద 1678.02 జీబీ ‘అన్‌అలొకేటెడ్’ (ఇంకా కేటాయించనిది) అని ఇంకో గడిగా కనిపించాయి. ఆ నల్లగడి మీద కుడి క్లిక్ చేస్తే కొత్త వాల్యూమ్ తయారుచేసే వరుస మసకబారి ఉంది. మొదటి గడిని పొడిగిద్దామంటే అదీ మసకగానే ఉంది. బిగించిన వారికి ఫోన్ చేశాను. “మీ మదర్‌బోర్డు పాతదండీ, 2 టీబీ దాటితే తీసుకోదు” అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు.

డిస్కులో సగం పోయినా సర్దుకునేదాన్నేమో గాని, అప్పటికే నేను ఒక పొరపాటు చేసి ఉన్నాను. సింహాచలం కొండమీద జరిగిన ఒక పెళ్ళిని మూడు కెమెరాలతో తీసిన సుమారు 600 జీబీ వీడియోను ఆ డిస్కులోకి ఎక్కించి, మరుసటి పెళ్ళి కోసం మెమొరీ కార్డులన్నీ ఖాళీ చేసేశాను. ఆ పెళ్ళికి సంబంధించినదంతా ఆ ఒక్క డిస్కులోనే ఉంది. తాళి కట్టే ఘడియ మళ్ళీ తీయడానికి వీలుండదు. ఆ రెండు రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు.

ద్వారకా నగర్ దుకాణానికి సీపీయూను ఆటోలో తీసుకువెళ్ళాను. యాభై దాటిన మనిషి. కేబినెట్ మీద చెయ్యి వేయకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మా, ఇందులో ఇప్పటికే ఏమైనా దాచారా? దాచింది ఇంకెక్కడైనా ఉందా?” మొదటి చోట ఈ మాట ఎవరూ అడగలేదు. హార్డ్‌డిస్కు పని చేసే మనిషి మీద నమ్మకం పెట్టుకోవచ్చో లేదో ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుందని నా అభిప్రాయం. లోపల ఉన్నదానికి రెండో ప్రతి లేదని చెప్పగానే, “అయితే ముందు కాపీ, తరవాతే రిపేరు” అన్నారు.

డిస్కులో ఏ లోపమూ లేదని, ఏ భాగం ఎక్కడ ఉందో చెప్పడానికి దాని మీద రాసిన పట్టికే తప్పని ఆయన తేల్చారు. కొత్త డిస్కును మొదటిసారి కంప్యూటరుకు తగిలించినప్పుడు విండోస్ దాన్ని ఇనీషియలైజ్ చేయమంటుంది, అంటే వాడకానికి సిద్ధం చేయమంటుంది, చేసేటప్పుడు ఆ పట్టికను పాత ఎంబీఆర్ పద్ధతిలో రాయాలా, కొత్త జీపీటీ పద్ధతిలో రాయాలా అని అడుగుతుంది. బిగించినవారు అలవాటు కొద్దీ ఎంబీఆర్ నొక్కేశారు. ఎంబీఆర్ పద్ధతి 1983 నాటిది. 10 ఎంబీ హార్డ్‌డిస్కుతో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చిన కాలంలో, పీసీ డాస్ 2.0తో పాటు పుట్టింది. అందులో ప్రతి పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుంటుందో రాసుకోవడానికి 32 బిట్ల చోటు మాత్రమే ఉంది. నాకు అర్థం కావాలని ఆయన ఒక పాత బిల్లు వెనకవైపు ఈ లెక్క వేసి చూపించారు. 32 బిట్లతో లెక్కపెట్టగలిగిన సెక్టార్లు (డిస్కులో సమాచారం దాచే చిన్న చిన్న ముక్కలు) 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, ఒక్కో సెక్టారు 512 బైట్లు, రెండింటినీ గుణిస్తే సుమారు 2 లక్షల 20 వేల కోట్ల బైట్లు. నా డిస్కులో ఉన్నవి 4 లక్షల కోట్ల బైట్లు. మిగిలిన చోటు డిస్కులో ఉన్నా, దాని చిరునామా రాయడానికి పట్టికలో అంకెలు చాలవు. జీపీటీలో అదే చిరునామాకు 64 బిట్లు ఉంటాయి. పైగా ఆ పట్టికకు డిస్కు చివరలో ఇంకొక ప్రతి ఉంటుంది కాబట్టి, మొదటిది చెడినా కోలుకునే అవకాశం ఉంటుంది. ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి కుదరవు, జీపీటీలో విండోస్ 128 దాకా అనుమతిస్తుంది.

మరి మదర్‌బోర్డు మాట? అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే నేను నమ్మాను. కంప్యూటరు ఆన్ కాగానే బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాం బయోస్, దాని కొత్త రూపం యూఈఎఫ్‌ఐ. యూఈఎఫ్‌ఐ లేని పాత బయోస్ మీద జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ కాదన్నది నిజమే. కానీ నా విండోస్ ఉన్నది వేరే చిన్న ఎస్‌ఎస్‌డీలో. కొత్త డిస్కు వీడియోలు దాచుకోవడానికే. దాచుకునే డిస్కు జీపీటీగా ఉంటే విస్టా నుంచి ఇప్పటిదాకా వచ్చిన ఏ విండోస్‌కూ బయోస్‌తో పేచీ లేదు. సగం తెలిసిన మాటను మొత్తం తెలిసినట్టు చెప్పడం వల్ల నేను 1,678 జీబీని శాశ్వతంగా వదులుకోబోయాను. ఒకటి రెండు నిమిషాలు వివరించి ఉంటే సరిపోయేది. ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు.

ఇక చేసిన పని. ముందుగా డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్ వివరాలు తెరిచారు. చెడిన సెక్టార్ల వరుసలు రెండూ సున్నా ఉన్నాయి గాని, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ల వరుసలో 14 అని ఉంది. వీడియో ఎక్కించేటప్పుడు మధ్యమధ్యలో కాపీ ఆగి ఆగి సాగిన మాట అప్పుడు గుర్తొచ్చి చెప్పాను. ఆ అంకె డిస్కు లోపలి తప్పును చెప్పదని, డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో పాడైన సమాచారాన్ని లెక్కిస్తుందని, చాలాసార్లు కారణం ఆ రెండింటినీ కలిపే సాటా కేబులేనని చెప్పి కేబులు ఊడదీశారు. నా పాత కేబులునే మళ్ళీ వాడారు మొదటివారు. దాని లోహపు పలకల మీద పచ్చటి మకిలి పొరగా పేరుకుని ఉంది. సముద్రానికి ఇంత దగ్గర ఇళ్ళలో ఉప్పుగాలికి కిటికీ చువ్వలే ఆగవు, ఈ సన్నటి పలకలు ఎలా ఆగుతాయి? కొత్త కేబులు వేశారు. ఆ 14 ఇక తగ్గదని, పెరగకుండా ఉంటే చాలని, నెలకోసారి చూసుకోమని చెప్పారు. ఇప్పటికీ 14 దగ్గరే ఉంది.

తరవాత 600 జీబీనీ తన దగ్గరున్న ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశారు. గంటన్నర పట్టింది. డేటా తుడవకుండానే ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అని అడిగాను. ఉన్నాయని, అవి చాలాసార్లు బాగానే పనిచేస్తాయని, అయితే మధ్యలో కరెంటు పోతే ఒకే ప్రతి ఉన్న పెళ్ళి వీడియోకు తాను జవాబు చెప్పలేనని అన్నారు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం విండోస్ ఉన్న సిస్టమ్ డిస్కులకే గాని, ఇలా దాచుకునే డిస్కులకు కాదట. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య, మొత్తం బైట్లు సరిచూసి, అయిదు పెద్ద ఫైళ్ళను నా చేతే తెరిపించి మొదలు, మధ్య, చివర జరిపి చూడమన్నారు. నేను ‘సరే’ అన్నాకే ముందుకు వెళ్ళారు.

ఆ తరవాత ఆయన చేసిన పనిని ఎవరు చేయించుకున్నా గమనించి తీరాలి. కాపీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కును తీసి బల్ల సొరుగులో పెట్టారు. కేబినెట్‌లో ఉన్న నా పాత 1 టీబీ డిస్కు కేబులు కూడా పీకేశారు. డిస్కులకు ఆదేశాలు టైపు చేసే విండోస్ సాధనం డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ కొడితే ‘నిజంగానే చేయమంటారా’ అని అది మళ్ళీ అడగదు. ఎంచుకున్న డిస్కు అంకె ఒకటి తప్పితే పొరుగు డిస్కు పట్టిక తుడిచిపెట్టుకుపోతుంది. ‘లిస్ట్ డిస్క్’ కొట్టి, 3726 జీబీ ఉన్నది ఏదో వేలు పెట్టి నాకు చూపించి, ‘సెలెక్ట్’, ‘క్లీన్’, ‘కన్వర్ట్ జీపీటీ’ ఒకదాని వెంట ఒకటి కొట్టారు. మళ్ళీ ‘లిస్ట్ డిస్క్’ కొడితే ఆ వరుస చివర జీపీటీ కింద చిన్న చుక్కగుర్తు (*) వచ్చింది. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్లపట్టీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గడిగా పరుచుకుంది.

క్విక్ ఫార్మాట్ చేసి అప్పుడే ఇచ్చేయవచ్చు. ఆయన ఇవ్వలేదు. కొత్త డిస్కు కాబట్టి ఒక్కసారైనా చివరి సెక్టారు దాకా రాసి చూడాలని ఫుల్ ఫార్మాట్‌కు పెట్టారు. అది రాత్రంతా నడిచింది. పని మంచిదే, కానీ సీపీయూ ఒక రాత్రి అక్కడే ఉండాలని ముందే చెప్పి ఉండవలసింది. ఆ సాయంత్రం ఒకరికి ఆల్బమ్ వీడియో ఇస్తానని నేను మాట ఇచ్చి ఉన్నాను.

నేను కూర్చున్న ఆ కాసేపట్లోనే మద్దిలపాలెం నుంచి ఒక కుర్రాడు కొత్త డిస్కు అసలు కనిపించడం లేదని వచ్చాడు. బోర్డు మీద ఎం.2 స్లాటులో (ఎస్‌ఎస్‌డీని కేబులు లేకుండా నేరుగా గుచ్చే చోటు) ఎస్‌ఎస్‌డీ ఎక్కించాక ఆ స్లాటుతో దారి పంచుకునే సాటా పోర్టు పనిచేయడం మానేసింది. డిస్కును పక్క పోర్టులోకి మార్చారు, డబ్బు తీసుకోలేదు.

లోపాలూ చెప్పాలి. మెట్లు ఇరుకు, సీపీయూ మోసుకెక్కడం కష్టం. మధ్యాహ్నం భోజనవేళ తాళం వేసి ఉంటుంది, ఫోన్ ఎత్తరు. అన్నిటికన్నా నాకు ఇబ్బంది కలిగించినది డ్రైవు అక్షరం. నా ప్రాజెక్టులన్నీ ‘ఇ’ డ్రైవులో వీడియోలు ఉన్నట్టు రాసుకుని ఉన్నాయి. ఆయన ఫార్మాట్ చేసినప్పుడు కొత్త పార్టిషన్‌కు ‘ఎఫ్’ వచ్చింది, పాత అక్షరం ఏదో నన్ను అడగలేదు. ఇంటికి వచ్చి సింహాచలం పెళ్ళి ప్రాజెక్టు తెరిస్తే, టైమ్‌లైన్‌లో ఏ ముక్క మీద నొక్కినా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని ఎర్రటి తెర. డేటా గురించి అంత జాగ్రత్త పడిన మనిషి ఈ ఒక్క అక్షరం అడిగి ఉంటే నాకు ఆ అరగంట గుండెదడ తప్పేది.

కేబులుతో కలిపి 850 రూపాయలు తీసుకున్నారు. ఆ పనికి అది తక్కువే. బిల్లు చేత్తో రాసినదే అయినా ఏ డిస్కు, ఏ పట్టిక, ఏ ఫార్మాట్, కాపీలో ఎన్ని ఫైళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. మొదటి చోట ఇచ్చిన కంప్యూటర్ బిల్లులో ‘ఫిట్టింగ్’ అన్న ఒక్క మాటే ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్కులోని తన కాపీని పది రోజులు అలాగే ఉంచుతానని, అంతా సరిగా ఉందని నేను ఫోన్ చేసి చెప్పాకే చెరిపేస్తానని అన్నారు.

ఎర్రతెర చూసి ఫోన్ చేస్తే ఈసారి వెంటనే ఎత్తారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్ మీద కుడి క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే వరుసలో ‘ఎఫ్’ తీసి ‘ఇ’ పెట్టమన్నారు. ప్రాజెక్టు మూసి మళ్ళీ తెరిచాను. మూడు కెమెరాల ముక్కలూ వాటి చోట్లలోకి వచ్చాయి. తాళి కట్టే చోటికి జరిపి, మేళం ఆగేదాకా చూసి, అప్పుడు ఆయనకు ఫోన్ చేసి కాపీ చెరిపేయవచ్చని చెప్పాను.