సీఎస్ఎస్‌లో ఇజ్ వాడాలా, వేర్ వాడాలా?

బరంపురంలో పట్టుచీరల కొట్టుకి సైటు చేస్తే తెలుగు, ఒడియా రెండూ ఉండాల్సిందే. పాత పద్ధతిలో సీఎస్ఎస్ (వెబ్ పేజీ రంగూ రూపూ చెప్పే భాష) రాస్తే తెలుగు క్లాసులో (ఒక గుంపుకి మనం పెట్టుకునే పేరు) హెచ్2, హెచ్3 హెడింగులు, మళ్లీ ఒడియాకి అవే రెండు: నాలుగు సెలెక్టర్లు, అంటే రూల్ దేనికి వర్తించాలో చెప్పే ముక్కలు. ఇవన్నీ బ్రాకెట్లో గుదిగుచ్చే :is, అంటే కోలన్ ఇజ్‌తో ఒక్క లైనులో అయిపోతుంది. :where, అంటే కోలన్ వేర్‌తోనూ అంతే.

తేడా అంతా స్పెసిఫిసిటీలో, అంటే రెండు రూల్స్ ఢీకొంటే ఏది నెగ్గాలో తేల్చే బరువులో. ఇజ్ తన బ్రాకెట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైనదాని బరువు తీసుకుంటుంది. క్లాసుల పక్కన ఒక్క ఐడీ (పేజీలో ఒక్కదానికే పెట్టే పేరు, క్లాసు కన్నా బరువెక్కువ) దూరిందా, ఆ ఐడీతో సంబంధం లేని హెడింగుకీ ఐడీ బరువే. ఆనక దసరా ఆఫర్ అని మామూలు క్లాసుతో రంగు మార్చబోతే ససేమిరా మారదు. ఇక బరువులతో పనిలేకుండా రూల్‌ని నెగ్గించే !important, అదే ఇంపార్టెంట్, తగిలించడం మొదలవుతుంది, ఆ జబ్బు ఒక పట్టాన వదలదు.

వేర్ బరువు సున్నా, లోపల ఐడీ ఉన్నా సరే. అలాగని అన్నిటికీ వాడితే ఎక్కడో పైన రాసిన ఉత్త హెచ్2 రూల్ కూడా దాన్ని కొట్టేస్తుంది. నేనైతే రీసెట్ (బ్రౌజర్ సొంత స్టైళ్లని చెరిపే రూల్స్), ఫాంట్, లైన్ హైట్ వేర్‌లో పెడతాను; ధర, బటన్లు ఇజ్‌లో.

బ్రౌజర్ల బెంగ అక్కర్లేదు, 2021 జనవరిలో క్రోమ్ 88 రావడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలో రెండూ ఉన్నాయి. హెడింగు లాంటివాటికి మొదట్లో, చివర్లో అదనపు సరుకు చేర్చే బిఫోర్, ఆఫ్టర్ మాత్రం వీటి బ్రాకెట్లలో పనిచేయవు, బయటే రాయాలి.