మాగ్నెటిక్ ఐలాండ్: అడవి దారులు, తాలింపుకి పడిన జరిమానా

ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ దగ్గరున్న మాగ్నెటిక్ ఐలాండ్ అనే ద్వీపానికి పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా అని బ్రిస్బేన్‌లో మనవాళ్లు అడుగుతూ ఉంటారు. నిక్షేపంగా తీసుకెళ్లండి. గది బుక్ చేసేముందు మాత్రం మాకు జరిగింది ఒకసారి చదవండి.

జూలైలో, పిల్లల సెలవులకి వెళ్లాం. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. ఫెర్రీ ప్రయాణం ఇరవై నిమిషాల పైచిలుకు, దిగేది నెల్లీ బేలో. అంతవరకూ అంతా సాఫీగానే జరిగింది.

గది రాత్రికి 265 డాలర్లు, క్లీనింగ్‌కి విడిగా 95. ఇంత పెట్టడానికి ఒప్పుకున్నది ‘ఫుల్ కిచెన్’ అని రాసి ఉందనే. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. బయట తినాలంటే ఆవిడకి చిప్స్, సలాడ్ తప్ప ఏమీ దొరకదు. అందుకే చిన్న రైస్ కుక్కర్, కందిపప్పు, ఆవకాయ సర్దుకుని వెళ్లాం. తీరా చూస్తే పొయ్యి ఉంది గానీ దాని పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగదు. కిటికీ సగం వరకే తెరుచుకుంటుంది. ఫ్యాన్ పనిచేయడం లేదని వెంటనే మెసేజ్ పెట్టాను, జవాబు రాలేదు.

సాయంత్రం అత్తయ్యగారు టమాటా పప్పు చేసి, ఇంగువ వేసి తాలింపు పెట్టారు. అరగంటలో తలుపు కొట్టారు. అక్కడి మేనేజర్ గుమ్మంలోనే నిలబడి, పక్క గదివాళ్లు వాసన భరించలేకపోతున్నారని, ఇది పోకపోతే ప్రత్యేకంగా శుభ్రం చేయించి 180 డాలర్లు మేం ముందు కట్టిన బాండ్ (డిపాజిట్) లోంచి పట్టుకుంటామని చెప్పింది. ఫ్యాన్ సంగతి ఎత్తితే, రేపు చూస్తామంది. పిల్లల ముందు, అత్తయ్యగారి ముందు, ఆ మాటతీరు నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. అదే పొయ్యి మీద బేకన్ వేయించుకుంటే ఎవరైనా వచ్చి తలుపు కొట్టేవారా?

అత్తయ్యగారికి ఇంగ్లిష్ అంతగా రాదు, కానీ విషయం అర్థమైపోయింది. “నా వల్లే కదమ్మాయ్, డబ్బులు పోతున్నాయి” అని ఆ పూట సరిగా తినలేదు. మర్నాడు పొయ్యి దగ్గరికే రానని బ్రెడ్డు, అరటిపండుతో సరిపెట్టుకున్నారు. మా ఆయన “పోనీలే, వదిలెయ్” అనే రకం. నేను వదల్లేదు. ఇంగువ గురించి గానీ వంట వాసన గురించి గానీ వాళ్ల నియమాల్లో ఒక్క ముక్క లేదు. చెప్పినట్టే 180 పట్టుకున్నారు. ఫ్యాన్ గురించి ముందే పెట్టిన మెసేజ్ చూపించి ఈమెయిళ్లు రాస్తే సగం, అంటే 90 తిరిగి ఇచ్చారు. క్షమాపణ మాత్రం లేదు. మీరు బుక్ చేసేటప్పుడు “మేం భారతీయ వంట చేసుకుంటాం, ఫ్యాన్ పనిచేస్తుందా?” అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. లేదా ఆర్కేడియా అనే ఊళ్లో గది చూసుకోండి. బస్సు రూటుకి మధ్యలో పడుతుంది, ఏ నడక దారికి వెళ్లాలన్నా దగ్గర.

ఇక నడకల సంగతి. ఈ ద్వీపంలో సగానికి పైగా నేషనల్ పార్కే. దారుల్లో నడవడానికి టికెట్ లేదు. పైకప్పు లేని చిన్న కారు అద్దెకి రోజుకి 135 డాలర్లు అడిగారు. వద్దన్నాం. క్వీన్స్‌లాండ్‌లో 2024 ఆగస్టు నుంచి బస్సు టికెట్ 50 సెంట్లే, ఈ ద్వీపంలో కూడా అంతే. పిక్నిక్ బే నుంచి హార్స్‌షూ బే దాకా ఒకటే రూటు. ఐదుగురం ఎక్కడికి వెళ్లినా మొత్తం రెండున్నర డాలర్లు.

ఫోర్ట్స్ వాక్ కోసం హార్స్‌షూ బే వెళ్లే రోడ్డు మీద దిగాలి. రానుపోను 4 కిలోమీటర్లు, రెండు గంటలు పెట్టుకోవాలి. ఎక్కుడు దారే, అక్కడక్కడా రాళ్లు, మెట్లు. అత్తయ్యగారిని కింద బెంచీ మీద కూర్చోబెడదామని మా ఆయన అంటే, “ఏటా అన్నవరం కొండ మెట్లెక్కి వెళ్తున్నాను, ఇదెంతరా” అని ఆవిడే ముందు నడిచారు. ముందురోజు నుంచి ముడుచుకుపోయి ఉన్న మనిషి నోట అదే మొదటి గట్టి మాట.

కాస్త దూరం వెళ్లాక నేల మీద పుల్లలతో ఎవరో బాణం గుర్తు పేర్చి ఉంది. మా చిన్నది ఆ వైపు తలెత్తి చూసింది. యూకలిప్టస్ కొమ్మ పంగలో కోలా, నిద్రలో. ముందు నడిచినవాళ్లు వెనక వచ్చేవాళ్ల కోసం ఇలా గుర్తులు పెట్టి వెళతారు. దారి పొడుగునా ఇవి కనిపించాయి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మనకోసం వంగి పుల్లలు పేర్చారంటే నాకు ఆ గదిలో పోయిన మనసు తిరిగొచ్చింది. కోలాలు ఈ ద్వీపానివి కావు. 1930ల్లో తెచ్చి వదిలారు, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. అత్తయ్యగారు ఒక తల్లి కోలాని చూసి, దాని వీపు మీది పిల్ల కదిలేదాకా అక్కడినుంచి కదల్లేదు.

పైన రెండో ప్రపంచ యుద్ధం నాటి కోటలున్నాయి. టౌన్స్‌విల్ రేవుని కాపాడడానికి 1942-43లో కట్టారు. 155 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు ఉండేవి. ఇప్పుడు అవి కూర్చున్న గుండ్రటి కాంక్రీటు దిమ్మలే మిగిలాయి. ఫిరంగులు లేవని మా పెద్దాడు చాలాసేపు అలిగాడు. కమాండ్ పోస్ట్ ఎక్కాక అలక పోయింది. గ్రానైట్ గుండ్ల మధ్య నిటారుగా నిలబడిన హూప్ పైన్ చెట్లు, కింద ఒకదాని పక్కన ఒకటి నీలంగా సముద్రపు వంపులు. పైన గాలి బాగా వీస్తుంది, టోపీలు జాగ్రత్త.

నెల్లీ బే నుంచి ఆర్కేడియాకి కొండ మీదుగా వెళ్లే దారి ఒకవైపే 5 కిలోమీటర్లు. నేనూ మా ఆయనా మాత్రమే నడిచాం. మొదట వాగు పక్కన నీడగా ఉంటుంది, తర్వాత ఎండ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు. హార్స్‌షూ బే నుంచి బాల్డింగ్ బేకి వెళ్లే దారి బాగుంటుంది గానీ, ఆ బీచ్‌లో కొందరు బట్టలు లేకుండా ఉంటారు. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ముందే తెలిసి ఉండడం మంచిది. రాడికల్ బే వైపు తిరిగితే ఆ ఇబ్బంది లేదు.

రాత్రుళ్లు ఎవరో ఏడుస్తున్నట్టు కేకలు వినిపిస్తే భయపడకండి. అవి కర్ల్యూ పక్షులు. అత్తయ్యగారు మొదటి రాత్రి లేచి కూర్చున్నారు. పొద్దుగూకే వేళ ఆర్కేడియా పక్కన జెఫ్రీ బే రాళ్ల మీదికి కంగారూల్లాంటి చిన్న వాలబీలు వస్తాయి. బ్రెడ్డు పెట్టొద్దు, వాటికి పడదు.

జూన్ నుంచి అక్టోబరు లోపు వెళ్లండి. నవంబరు నుంచి సముద్రంలో కుట్టే జెల్లీఫిష్‌లు, పైన ఉక్క. బూట్లు వేసుకోండి, దారి విడిచి ఆకుల్లో కాలు పెట్టకండి, ఇక్కడ డెత్ ఆడర్ అనే విషపు పాములున్నాయి. దారుల్లో తాగునీళ్లు దొరకవు. మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లండి. పులిహోర కట్టుకుని వెళితే మధ్యాహ్నం భోజనానికి ఎవరినీ అడగక్కర్లేదు.