ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ: విశ్వవిద్యాలయ ఆసుపత్రా, స్టాఫింగ్ కంపెనీ నడిపే విభాగమా?

అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ (వైద్య డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) కోసం ర్యాంకు జాబితా, అంటే కోరుకునే శిక్షణ కార్యక్రమాల ప్రాధాన్య క్రమం, రాసుకునే మన విద్యార్థులను ఏటా వేధించే ప్రశ్న ఇది. స్టాఫింగ్ కంపెనీ అంటే ఆసుపత్రికి ఒప్పందంపై వైద్యులను సమకూర్చే సంస్థ.

స్టైపెండ్: రెండుచోట్లా పెద్ద తేడా ఉండదు.

బోధన: విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బోధకులకు పాఠానికీ పరిశోధనకూ సాధారణంగా సమయం కేటాయిస్తారు. కంపెనీ విభాగంలో వైద్యుడి పనిని గంటకు చూసిన రోగుల లెక్కతో కొలిచే ఒత్తిడి ఎక్కువ. తొలిసారి శ్వాసనాళంలో గొట్టం వేస్తున్న రెసిడెంటు చేయి వణికినప్పుడు, పక్కన నిలబడి ఓపికగా చెప్పే రెండు నిమిషాలు దొరుకుతాయా లేదా అన్నదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.

చేతి అనుభవం: ఇక్కడ కంపెనీ విభాగాలకూ బలముంది. ఇతర స్పెషాలిటీల శిక్షణార్థులు తక్కువగా ఉన్న ఆసుపత్రిలో ప్రొసీజర్లు మీకే దక్కుతాయి.

ప్రమాదం: ఒహాయోలోని ఏక్రన్‌లో సుమ్మా హెల్త్ ఆసుపత్రి 2017 జనవరి 1న స్థానిక వైద్యబృందం స్థానంలో యూఎస్ అక్యూట్ కేర్ సొల్యూషన్స్ అనే స్టాఫింగ్ కంపెనీని తెచ్చింది, బోధకులు ఒక్కసారిగా మారారు, ఆ ఏడాది జులైకల్లా ఎమర్జెన్సీ రెసిడెన్సీ గుర్తింపే పోయింది. విశ్వవిద్యాలయ అనుబంధం కూడా పూర్తి రక్షణ కాదు: 2019లో ఫిలడెల్ఫియాలో హానమన్ ఆసుపత్రి మూతపడి 500 మందికి పైగా శిక్షణార్థులు వీధిన పడ్డారు.

పరిశోధన, ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాతి ఉన్నత శిక్షణ) కోరేవారికీ, వీసా ఆధారంగా ఉండి మధ్యలో సీటు పోతే తట్టుకోలేనివారికీ విశ్వవిద్యాలయమే మేలు. సామాజిక ఆసుపత్రిలో స్థిరపడాలనుకునేవారు, బోధకులు ఏళ్ల తరబడి నిలిచి ఉన్నారని ప్రస్తుత రెసిడెంట్లను అడిగి నిర్ధారించుకున్నాకే, కంపెనీ విభాగాన్ని ఎంచుకోవచ్చు.