ఫ్రాస్ట్‌పంక్: 300 గంటలు కెప్టెన్‌గిరీ చేసినంక

పాలమూరులో మే నెల. బయట నలభై మూడు డిగ్రీలు, లోపల నా పాత కంప్యూటర్ ఇంకింత సెగ కక్కుతుంటది. తెర మీద మాత్రం మంచు, మైనస్ నలభై. 2020 లాక్‌డౌన్‌లో కొన్న ఫ్రాస్ట్‌పంక్ అనే ఈ కంప్యూటర్ ఆటను ఇప్పటికీ ఏడాదికొకసారన్నా తెరుస్తున్న. గంటల లెక్క మూడు వందలు దాటింది. కొత్తగా కొనేవాళ్ళకు పనికొస్తదని రాస్తున్న.

పోలండ్‌లోని 11 బిట్ స్టూడియోస్ వాళ్ళు 2018లో విడుదల చేసిన ఆట ఇది. కథాకాలం 1886. భూమంతా మంచు కమ్మింది. లండన్ విడిచి వచ్చిన 80 మంది, అందులో 15 మంది పిల్లలు, బొగ్గుతో మండే ఒక పెద్ద జనరేటర్ చుట్టూ గుండ్రంగా ఊరు కట్టుకోవాలె. నువ్వు కెప్టెన్. చట్టాల పుస్తకం నీ చేతిలో ఉంటది.

నేను మొదటిసారి ఆడినప్పుడు రెండో రోజుకే బొగ్గు అడుగంటింది. పిల్లలను పనిలో పెట్టే చట్టం మీద సంతకం పెట్టిన. మొదట తేలికపాటి పనులకే. నాలుగు రోజులకు అన్ని పనులకూ. తర్వాత తిండి చాలక అన్నంలో రంపపు పొట్టు కలపమన్న. ఇరవై నాలుగ్గంటల షిఫ్టు వేసిన, ఒకడు పని మీదనే కూలబడి చచ్చిండు. ఏ ఒక్క సంతకమూ నాకు దుర్మార్గంగా అనిపించలేదు. ఆట చేసిన గారడీ ఇక్కడే ఉంది: ఒక చట్టం పెట్టినంక ఇంకోటి పెట్టాలంటే కొంతసేపు ఆగాల్సిందే. ఆ ఆగిన సేపట్లో జనం అలవాటు పడతరు, నువ్వూ అలవాటు పడతవు. వింటర్‌హోమ్ అనే ఇంకో నగరం నాశనమైందని తెలిసి, కొందరు తిరిగి లండన్ పోతామని మొండికేసినప్పుడు, కావలి బురుజులు, జైలు, ప్రచార కేంద్రం వరుసగా కట్టేసిన. ఆ దారి చివరి చట్టం మీద సంతకం పెడితే జనంలో ఆశ ఎంతుందో చూపే 'ఆశ' అనే పట్టీయే తెర మీద నుంచి పోతది, దాని జాగాలో 'విధేయత' వస్తది. ఆ రాత్రి నేను ఊపిరి పీల్చుకున్న. చూసుకోవాల్సిన పట్టీ ఒకటి తగ్గిందని.

మా తాతకు రాత్రిపూట నిద్ర తక్కువ. నా వెనక మంచమేసుకొని చూసేటోడు. పిల్లల చట్టం సంగతి చెప్తే ఆయనకేం బాధ కాలేదు. "పదేండ్లకే పసులు కాయబోయినం. పిల్లలు పని చేయకుంటె ఎట్ల ఎల్తది?" అన్నడు. నా అపరాధ భావం మీద నీళ్ళు చల్లినట్టయింది. కొంచెం సేపాగి అడిగిండు: "గా కెప్టెన్ గూడ ఆ ఊర్లెనే ఉంటడా? ఆయన ఇల్లేది?"

వెతికిన. లేదు. గుడారాలున్నయి, చెక్క ఇండ్లున్నయి, శవాలు వేసే గుంత ఉంది. కెప్టెన్‌కు ఇల్లు లేదు, ఆయనకు గిన్నె లేదు, చలి లేదు. జనం తిరగబడి వెళ్ళగొడితేనే ఆయన కథ ముగుస్తది, జ్వరమొచ్చి కాదు. వంద గంటలు ఆడి కూడా నాకు తట్టని మాట ఇది.

తాతకు ఎందుకు తట్టిందంటే, ఆయనది కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డు ఊరు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్ళ కిందికి పోయిన ఊళ్ళలో ఒకటి. లేచిపోయేటప్పుడు ఇంటి దర్వాజ ఊడదీసి బండి మీద వేసుకొచ్చిండు. ఇప్పటికీ మా ఇంటికి అదే. ఎత్తు తక్కువ, నా నెత్తికి వారానికొకసారన్నా తగుల్తది.

చివర్న పెద్ద తుఫాను, చలి మైనస్ నూట యాభై దాకా పడిపోతది. దాటి బతికితే నీ ఊరు మొదటి నుంచి కట్టినట్టు గబగబా చూపిస్తరు. చట్టాల్లో హద్దు దాటి ఉంటే ఆఖర్న ఒక ప్రశ్న: నగరం బతికింది, కానీ ఇంత చేసినందుకు ఫలితం దక్కిందా అని. నేను తెలుగులో చదివి వినిపించిన.

"ఎవర్నడుగుతుండు?" అన్నడు తాత.

"నన్నే."

"నిన్నెందుకు? నీకేమైంది?" కొంచెం సేపాగి, "ఫ్యాన్ పెద్దగ వెయ్యి" అని అటు తిరిగి పండుకున్నడు.

నా ఫిర్యాదు కూడా అదే. పని మీద చచ్చినోడిని గానీ, లండన్ పోతామన్నోళ్ళను గానీ అడగరు. పైగా నాలుగోసారి ఆడేసరికి ఏ రోజు ఎంత చలి పడుతదో, బొగ్గు గని ఎప్పటికి లేపాలో నోటికొచ్చింది. పిల్లలను ముట్టుకోకుండానే గెలిచిన. అంటే మొదటిసారి నాది అవసరం కాదు, తెలియక పడ్డ భయం. తెలిసినంక చూస్తే నా పాత నగరం సేవ్ ఫైల్ తెరవబుద్ధి కాలేదు.

రెండో భాగం 2024 సెప్టెంబరులో వచ్చింది. ముప్పై ఏండ్ల తర్వాతి కథ, కెప్టెన్ చనిపోయిండు. వంద మంది సభలో ఓట్లు కూడగట్టి చట్టం చేయాలె. బొమ్మలు బాగున్నయి గానీ నాకు అంత పట్టలేదు, తప్పు పంచుకునేందుకు చాలామంది దొరుకుతరు. ఇంకో మాట, అక్షరాలు చాలా చిన్నవి, టీవీకి పెట్టి ఆడితే కండ్లు గుంజుతయి.

నేను మళ్ళీ మొదటిదానికే వచ్చిన. ఇప్పుడు సర్వైవర్ మోడ్, పాజ్ నొక్కి ఆలోచించుకునే వీలు లేదు. నిన్న రాత్రి ఆరో రోజున పిల్లల చట్టం మీద సంతకం పెట్టిన. ఈసారి నిజంగా అవసరమయ్యే పెట్టిన, అనుకుంటున్న.