హాలోవీన్ ఫుడ్ కిట్ కొంటున్నారా? ముందు డబ్బా వెనక ఏం రాసుందో చూడండి

హాలోవీన్‌కి ఇంట్లో పార్టీ అనుకుని, ఆన్‌లైన్‌లో "స్పూకీ పార్టీ ఫుడ్ కిట్" కనపడగానే ఆర్డర్ కొట్టేసే నాలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. డబ్బులే పోయుంటే ఓ తిట్టు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇది పిల్లల కడుపులోకి వెళ్ళే వ్యవహారం.

ఫోటో అయితే అదిరిపోయింది. నల్లటి కప్‌కేకుల మీద తళతళలాడే వెండి సాలెగూడు, చక్కెర కనుగుడ్లు, పక్కనే పొగలు కక్కుతున్న ఎర్రటి పంచ్ (పళ్ళరసాల పానీయం). పది నిమిషాల్లో అంతా రెడీ అట. పన్నెండు మంది పిల్లలు వస్తామన్నారు, ఆ రోజు నాకు ఆఫీసు కూడా ఉంది. ఇంకేం ఆలోచిస్తాం!

పెట్టెలో వచ్చినవి: నల్ల రంగు ట్యూబు ఒకటి, వెండి పొడి డబ్బా ఒకటి, చక్కెర కళ్ళు, రెండు రబ్బరు గ్లవ్స్, ఒక సూచనల కాగితం. అసలు గొడవ ఆ వెండి పొడితోనే.

మా ఆడపడుచు ముందు రోజే సాయానికి వచ్చింది. కేకుల మీద చల్లడానికి మూత తీసి, ఆగిపోయింది.

"వదినా, ఇది తినేదేనా?"

"నాన్ టాక్సిక్ అని అంత పెద్దగా రాశారు కదమ్మా."

"పిల్లల క్రేయాన్ల మీద కూడా రాస్తారు. అవి తింటామా?"

డబ్బా తిప్పి చూశాం. అడుగున, బార్‌కోడ్ పక్కన, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడని అక్షరాల్లో "ఫర్ డెకొరేషన్ ఓన్లీ" అని ఉంది. దేంతో తయారుచేశారో ఒక్క ముక్క లేదు. చిటికెడు వేళ్ళ మధ్య రాస్తే చర్మానికి పట్టేసింది. రెండు సార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్ళ అంచుల్లో మెరుస్తూనే ఉంది.

నీళ్ళలో కరగకపోతే తినకూడనిది అని కొందరు చెప్తుంటారు. దాన్ని నమ్ముకోకండి. తినదగిన మెరుపు పొడుల్లో వాడే అభ్రకపు రంగులు కూడా కరగవు. చూడాల్సింది లేబులే. తినేదైతే "ఎడిబుల్" అని స్పష్టంగా ఉంటుంది, దాంతో పాటు చక్కెర, మొక్కజొన్న పిండి, తుమ్మ జిగురు, మాల్టోడెక్స్‌ట్రిన్, ఫలానా రంగులు అంటూ పదార్థాల జాబితా కూడా ఉంటుంది. నాన్ టాక్సిక్ అన్నంత మాత్రాన అది తిండి అయిపోదు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇదే చెప్తుంది: నాన్ టాక్సిక్ అనో, అలంకరణకు మాత్రమే అనో రాసి వదిలేసిన పొడిని తినేవాటి మీద వాడొద్దని.

నేను అతి చేస్తున్నానని అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఆరా తీస్తే కేకు మీద వాడింది తినడానికి కాని బంగారు రంగు పొడి, అందులో రాగి బాగా ఎక్కువ. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో ఈ కేసు వివరాలు బయటపెట్టింది. ఆ కేకు ఇంట్లో చేసింది కూడా కాదు, బేకరీదే.

ఇక సూచనల కాగితం. పొగల పంచ్ కోసం "డ్రై ఐస్ ముక్కలు గ్లాసుల్లో వేసి వడ్డించండి" అని రాశారు. చదివి నిజంగా ఒళ్ళు మండింది! డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీల చలి. చేత్తో పట్టుకుంటేనే చర్మం కాలినట్టు అవుతుంది, అలాంటిది పిల్లలు గుటకేస్తే? పొగ కావాలంటే పెద్ద గిన్నెలో డ్రై ఐస్ పెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోసి, పంచ్ ఉన్న చిన్న గిన్నెని దాని మధ్యలో పెట్టండి. ముక్కలు పట్టకారుతోనే తీయండి, కిటికీలు తెరిచి ఉంచండి. ఆ వాయువు గాలికంటే బరువు, కిందికి దిగుతుంది, అంటే పిల్లలు, కుక్కపిల్లలు ఉండే ఎత్తుకే. మిగిలిన ముక్కల్ని మూత బిగించిన సీసాలో మాత్రం దాచకండి, పేలుతుంది. నేనైతే ఆ పొగ జోలికే పోలేదు.

గ్లవ్స్ దేనికంటే, వాటిలో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పంచ్‌లో తేలే మంచు చెయ్యి చేయడానికి. లోపల తెల్లటి పౌడర్ ఉంది. అదంతా పంచ్‌లోకే కదా! పైగా లేటెక్స్ పడని పిల్లలూ ఉంటారు. పౌడర్ లేని, లేటెక్స్ కాని గ్లవ్ కొత్తది తీసుకుని, కడిగి వాడుకుంటే ఆ చెయ్యి బాగానే వస్తుంది.

చక్కెర కళ్ళకి వంక పెట్టలేను, బాగున్నాయి. కాకపోతే గట్టిగా, గుండ్రంగా ఉన్నాయి, నాలుగేళ్ళ లోపు పిల్లల గొంతులో అడ్డం పడే సైజు. చిన్నవాళ్ళ కేకుల మీద పెట్టలేదు.

అమ్మినవాళ్ళకి ఫోటోలతో సహా మెసేజ్ పెట్టా. "డెకొరేషన్ అంటే కేకు డెకొరేషనే మేడమ్" అని జవాబు. పదార్థాల జాబితా పంపమంటే రెండు రోజులు చప్పుడు లేదు. తర్వాత "సీల్ తీశారు కాబట్టి రిటర్న్ కుదరదు" అన్నారు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందో వాళ్ళే చెప్పాలి.

పార్టీకి మాత్రం, ఆ ముందు రోజు రాత్రే ఆడపడుచూ నేనూ కూర్చుని ఇంట్లో ఉన్నవాటితోనే కానిచ్చేశాం. అరటిపండు సగానికి కోసి నిలబెట్టి, చాక్లెట్ చిప్స్‌తో కళ్ళు, నోరు పెడితే దెయ్యం. తొక్క తీసిన కమలా మధ్యలో చిన్న ఆకుపచ్చ కాడ గుచ్చితే గుమ్మడికాయ. ఉడికించిన గుడ్డు మీద నల్ల ఆలివ్ సగం ముక్క ఒళ్ళు, మిగతా సగాన్ని సన్నగా చీలిస్తే కాళ్ళు, అదే సాలీడు. నల్ల ఐసింగ్‌కి ట్యూబు మొత్తం పిండక్కర్లేదు. ముందు కోకో కలిపి ముదురు గోధుమ రంగుకి తెచ్చుకుని, కాస్త నలుపు వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అదే చిక్కబడుతుంది. అన్నిటికంటే ముందు ఖాళీ అయింది అరటిపండు దెయ్యాల పళ్ళెమే. మా వాడైతే "అమ్మా, నేను తల కొరికేశా" అని ఇల్లంతా తిరిగి చెప్పాడు.

వెండి పొడిని కాగితపు గబ్బిలాలకి పూసి తలుపుకి వేలాడదీశాం. దానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

నిన్న ఆ లిస్టింగ్ మళ్ళీ తెరిచి చూశా. నా రివ్యూ మాయం. ఫోటోలో కప్‌కేకులు అలాగే ఉన్నాయి, పేరులో "ఫుడ్" కూడా అలాగే ఉంది.